డాక్టరేటు దక్కని శాస్త్రవేత్త

 

స్నాతకులారా, మీరు పట్టా పుచ్చుకునే ఈ పూట, కష్టపడి సంపాదించుకున్న పట్టా చేతికి రాని ఒక శాస్త్రవేత్త గురించి మాట్లాడాలనుకుంటున్నాను. ఆమె అన్నా మణి. నేనెప్పుడూ ఆమెను కలవలేదు. కానీ వాతావరణ శాఖలో నా ఉద్యోగ జీవితమంతా ఆమె తీర్చిదిద్దిన పద్ధతుల మధ్యే గడిచింది. చదువుకునే రోజుల్లో ఆమె గురించి విన్నప్పుడు కలిగిన గౌరవం, ఆ పనిలోకి దిగాక ఎన్నో రెట్లు పెరిగింది.

1918 ఆగస్టు 23న తిరువాంకూరు సంస్థానంలోని పీరుమేడులో ఆమె పుట్టారు. తండ్రి సివిల్ ఇంజనీరు. ఎనిమిది మంది సంతానంలో ఆమె ఏడవ బిడ్డ. మగపిల్లలను పెద్ద ఉద్యోగాలకు, ఆడపిల్లలను పెళ్ళికి సిద్ధం చేసే కలిగిన కుటుంబం అది. ఎనిమిదో పుట్టినరోజుకు ఇంటి ఆనవాయితీ ప్రకారం వజ్రాల కమ్మలు ఇవ్వబోతే వద్దని, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటాలు కావాలని ఆ పిల్ల అడిగిందట. ఆమె గురించి రాసినవాళ్ళంతా ఈ ముచ్చట చెబుతారు. అయితే ఆ వయసుకే అక్కడి గ్రంథాలయంలోని మలయాళ పుస్తకాలు దాదాపు అన్నీ ఆమె చదివేసిందన్న సంగతి నాకు అంతకంటే గొప్పగా తోస్తుంది. గాంధీజీ అదే సంస్థానంలోని వైకోంకు వచ్చిన రోజులవి. ఆ ప్రభావంతో ఆమె ఖద్దరు కట్టారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రాల్లో 1939లో ఆనర్స్ పూర్తిచేశారు. మరుసటి ఏడాది ఉపకార వేతనం మీద బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.వి. రామన్ గారి ప్రయోగశాలలో చేరారు. అప్పటికి కొన్నేళ్ళ ముందు కమలా సోహొనీ అనే విద్యార్థినికి అదే సంస్థలో ప్రవేశం ఇవ్వడానికి రామన్ గారు మొదట ఒప్పుకోలేదు. పట్టుబట్టి, షరతుల మీద ఆమె చేరవలసి వచ్చింది. అలాంటి చోట అన్నా మణి గారు చేపట్టినది వజ్రాలు, కెంపుల మీద పరిశోధన. వజ్రం మీద కాంతి పడినప్పుడు అందులో కొంత పీల్చుకుని వేరే రంగులో తిరిగి వెలువరిస్తుంది. ఆ మెరుపు చాలా మసకగా ఉంటుంది. ఫొటోగ్రాఫిక్ ప్లేటు మీద అది నమోదు కావాలంటే పదిహేను, ఇరవై గంటలు కదపకుండా కాంతి పడనివ్వాలి. వజ్రాన్ని ద్రవీకరించిన గాలి చల్లదనంలో ఉంచాలి. ఆమె రాత్రిళ్ళు ప్రయోగశాలలోనే పడుకునేవారు. అలా ముప్ఫైకి పైగా వజ్రాలను పరీక్షించారు. 1942 నుంచి 1945 లోపు ఆమె ఒక్కరి పేరుతోనే అయిదు పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి. ఈ నాటి పరిశోధక విద్యార్థులకు ఆ మాట బరువు తెలుస్తుంది.

1945 ఆగస్టులో సిద్ధాంత గ్రంథం సమర్పించారు. ఆ రోజుల్లో ఆ సంస్థలో చేసిన పరిశోధనకు పట్టా ఇచ్చేది మద్రాసు విశ్వవిద్యాలయం. ఎం.ఎస్‌సి. లేదు కాబట్టి పీహెచ్‌డీ ఇవ్వడం కుదరదన్నారు. ఆ ఆనర్స్ డిగ్రీ ఆధారంగానే ఆమెకు పరిశోధనకు ఉపకార వేతనం ఇచ్చారని, చేయవలసిన పరిశోధన అంతా పూర్తయి కళ్ళెదుట ఉందని ఎవరూ పట్టించుకోలేదు. బైండు చేసిన ఆ గ్రంథం రామన్ పరిశోధనా సంస్థ గ్రంథాలయంలో ఉంది. అదే ప్రయోగశాలలో ద్రవాల్లో కాంతి పరిక్షేపణం మీద పని చేసిన సునందా బాయి గారి పరిశోధన కూడా పూర్తయింది. ఆమెకూ పట్టా రాలేదు. చిన్న వయసులోనే ఆమె జీవితం ముగిసిపోయింది.

వేదిక మీది విశ్వవిద్యాలయ పెద్దలకు ఇక్కడ ఒక విన్నపం. డాక్టరేటు లేకపోయినా అన్నా మణి గారు ఎంత ఎత్తుకు ఎదిగారో చూడండి అని మనం చెప్పుకుని సంతోషపడతాం. నేనూ ఆ సంతోషంలో పాలుపంచుకున్నదాన్నే. కానీ సునందా బాయి గారిని తలచుకుంటే ఆ సంతోషం నిలవదు. ఒకరు నిలదొక్కుకున్నారని ఆ నిర్ణయం న్యాయమైపోదు. మీ దగ్గరికి వచ్చే దస్త్రాల్లో నిబంధన ఒకవైపు, పూర్తయిన పని ఒకవైపు ఉన్నప్పుడు దయచేసి ఆ పనిని తెరిచి చదవండి.

అన్నా మణి గారు మాత్రం తనకు జరిగిన అన్యాయాన్ని పట్టుకుని కూర్చోలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఆ ఏడాదే ప్రభుత్వ ఉపకార వేతనంతో ఇంగ్లండు వెళ్ళారు. భౌతికశాస్త్రం చదవాలని ఇంపీరియల్ కాలేజీకి వెళితే, అక్కడ దొరికిన అవకాశం వాతావరణ పరికరాల శిక్షణ. కోరుకున్నది కాదు. అయినా దాన్నే అంతు చూసేదాకా నేర్చుకున్నారు. 1948లో తిరిగి వచ్చి పుణెలో వాతావరణ శాఖ పరికరాల విభాగంలో చేరారు.

అప్పటికి కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశం మనది. వర్షమాపకం, థర్మామీటరు లాంటి మామూలు వస్తువులు కూడా బ్రిటన్ నుంచి రావలసిందే. వాటిని ఇక్కడే తయారుచేయాలన్న కృషిలో ఆమె పాత్ర పెద్దది. దాదాపు వంద రకాల వాతావరణ పరికరాలకు ప్రామాణిక నమూనా చిత్రాలు సిద్ధం చేయించి ఉత్పత్తికి ఎక్కించారు. ఆమె కింద 121 మంది మగవాళ్ళు పని చేసేవారు. 1950ల భారతదేశంలో ఆ దృశ్యాన్ని ఒక్కసారి ఊహించుకోండి.

బయటివాళ్ళకు ఇది కార్ఖానా పనిలా కనిపించవచ్చు. కాదు. వర్షమాపకం అంటే ఒక గరాటు, ఒక పాత్ర, అంతే కదా అనుకుంటాం. దాని మూతి కొలతలో రవ్వంత తేడా వచ్చినా, నేల నుంచి ఉండవలసిన ఎత్తు మారినా, పక్కన చెట్టు ఉన్నా వాన లెక్క తప్పుతుంది. ఊరికో కుంచం ఉంటే ధాన్యం లెక్క ఎలా తేలుతుంది? మచిలీపట్నంలో కొలిచిన వానను, నిజామాబాదులో కొలిచిన వానను పక్కపక్కన పెట్టి చూడాలంటే రెండు చోట్లా ఒకే ప్రమాణం ఉండాలి. నిన్నటి థర్మామీటరు, ఇరవై ఏళ్ళ తర్వాత పెట్టే థర్మామీటరు ఒకే మాట చెప్పాలి. లేకపోతే ఎండలు ముదురుతున్నాయో లేదో తేల్చలేం. తుఫాను వస్తుంటే రేవుల్లో ఏ నంబరు ప్రమాద సూచిక ఎగరేయాలో నిర్ణయించే లెక్కల్లోకి ఇలాంటి కొలతలే వెళతాయి. 1977లో దివిసీమను ముంచెత్తిన ఉప్పెన తర్వాత ఈ తీరంలో పెరిగిన మాకు ఆ లెక్కల విలువ వేరే చెప్పనవసరం లేకపోయింది. తప్పుడు కొలత కంటే అసలు కొలత లేకపోవడమే నయమని అన్నా మణి గారు నమ్మారు. లేదని తెలిస్తే మనిషి జాగ్రత్తపడతాడు. తప్పుడు అంకె ఉంటే ధైర్యంగా పడవ తీస్తాడు.

ఆ పట్టుదలతోనే మిగతా పనులూ చేశారు. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో దేశంలో సౌర వికిరణాన్ని కొలిచే కేంద్రాలు నెలకొల్పారు. అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్ గారి కోరికపై తుంబా రాకెట్ కేంద్రంలో వాతావరణ పరిశీలనకు ఏర్పాట్లు చేశారు. బెలూనుకు కట్టి పైకి పంపి ఓజోన్‌ను కొలిచే ఓజోన్‌సోండ్‌ను మన దేశంలోనే తయారుచేయించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర దెబ్బతిన్నదని ప్రపంచం ఉలిక్కిపడేనాటికే మన దగ్గర సొంత పరికరం ఉంది.

1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేశాక కూడా ఊరుకోలేదు. భారతదేశపు సౌర వికిరణ వివరాలతో 1980లో ఒకటి, 1981లో ఒకటి పుస్తకాలు తెచ్చారు. దేశమంతటా ఏడు వందలకు పైగా చోట్ల గాలి వేగాన్ని కొలిపించారు. అనంతపురం, కర్నూలు గుట్టల మీద ఈ రోజు గాలిమరలు తిరుగుతుంటే, పొలాల్లో సౌర ఫలకలు పరుచుకుంటుంటే మనకు మామూలైపోయింది. ఏ చోట ఎంత ఎండ, ఎంత గాలి అని ముందుగా కొలిచి పెట్టినవాళ్ళు లేకుండా ఇవేవీ రావు.

ఆడపిల్లలకు ఒక మాట. తాను స్త్రీ కావడం వల్ల ఫలానా నష్టం జరిగిందని చెప్పుకోవడానికి అన్నా మణి గారు ఇష్టపడలేదు. స్త్రీలూ విజ్ఞానశాస్త్రమూ అంటూ జరిగే హడావిడి ఆమెకు రుచించేది కాదు. ఆమె ఆత్మగౌరవానికి నేను తల వంచుతాను. కానీ ఈ ఒక్క విషయంలో ఆమె దారిన మీరు నడవనక్కరలేదు. మీకు అన్యాయం జరిగితే చెప్పండి, కాగితం మీద రాసి ఇవ్వండి. మగపిల్లలూ, మీ పక్క బల్ల మీద పని చేసే అమ్మాయికి జరిగితే మీరూ సంతకం చేయండి.

రేపు మీరు ప్రయోగశాలల్లో, ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో, కర్మాగారాల్లో చేరతారు. లక్ష్యం చేరినట్టు చూపించడానికి ఒక అంకె మార్చమని ఎవరో ఒకరు అడుగుతారు. చిన్న అంకే కదా అంటారు. ఆ అంకెను నమ్ముకుని నిర్ణయం తీసుకునే మనిషి మీకు ఎన్నటికీ కనిపించకపోవచ్చు. ఆ మనిషిని తలచుకుని కుదరదని చెప్పండి. మీరు చూసినదే రాయండి, చూడనిది ఖాళీగా వదిలేయండి.