పేరు చెప్పిన చిరునామా చూపు యంత్రము



సాయంకాలమున రేడియో పెట్టె ముందు కూర్చుండు గృహస్థునకు కేంద్రము పేరు తెలియును. పెట్టెకు మాత్రము ఆ పేరుతో పని లేదు. ముల్లు ఏ అంకెపై నిలువవలెనో అదియే దానికి కావలెను. పూర్వము పత్రికలలో కేంద్రముల పేర్ల కెదురుగా అచ్చైన అంకెల పట్టిక ఆ యిరువురకును నడుమ నిలిచిన దుబాసీ వంటిది. మనుష్యునకు పేరు, యంత్రమునకు అంకె. కంప్యూటర్ల లోకమున ఈ దుబాసీ పనిని చేయుదానిని డి.ఎన్.ఎస్. సర్వరు అందురు. అట్టి చిన్న సర్వరు నొకదానిని పైథాన్ అను స్క్రిప్టు భాషలో మేము స్వయముగా వ్రాసికొన్న వృత్తాంతమును నేడు మీకు విన్నవించుచున్నాము.

అందులకు మమ్ము పురికొల్పినది పాండిత్యము కాదు, ఒకనాటి తలవంపు. ఆ సాయంకాలము ప్రకటన ముగిసినది, పాట రాలేదు. మేము పనిచేయు చోట పాత ధ్వనిముద్రణములు ఒక కంప్యూటరులో భద్రపరుపబడి యున్నవి. ఆ మధ్యాహ్నము కరెంటు పోయి వచ్చినపుడు, లోపలి యంత్రములకు చిరునామాలు పంచిపెట్టు పరికరము దానికి క్రొత్త చిరునామా నిచ్చినది. స్టూడియో బల్లపై అంటించిన కాగితములో పాత అంకెలే యున్నవి. ప్రకటనకర్త ఆ అంకెలను నమ్మి పిలిచెను, ఎవరును పలుకలేదు. నలువది సెకనుల నిశ్శబ్దము గాలిలో కలిసినది. ఇంటిలో నలువది సెకనులు లెక్కలోనివి కావు. రేడియోలో నలువది సెకనులనగా, శ్రోత లేచివచ్చి పెట్టె చెడినదేమో యని తట్టి చూచునంత కాలము. ఆ కాగితమును వ్రాసి అంటించినది మేమే. తప్పు మరియొకరిది కాదు.

విచారింపగా, ఈ చిక్కు మాకంటె ముందు పెద్దలకే వచ్చినదని తెలిసినది. ఇంటర్నెట్టునకు పూర్వరూపమైన ఆర్పానెట్టులో కంప్యూటర్ల పేర్లును చిరునామాలును ఒకే పట్టికలో నుండెడివి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థయందు ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వమున నడచిన సమాచార కేంద్రము ఆ పట్టికను సవరించుచుండెను. తక్కిన వారందరు దాని నకలును తెచ్చుకొనుచుండిరి. యంత్రముల సంఖ్య పెరిగిన కొలది ఆ పద్ధతి బరువైనది. ఒకరి నకలు క్రొత్తది, మరియొకరిది పాతది. మా బల్లపై కాగితమునకు పట్టిన గతియే దానికిని పట్టినది. 1983లో పాల్ మొకపెట్రిస్ ఇందులకు ఉపాయము ప్రతిపాదించెను. 1987లో వెలువడిన 1034, 1035 సంఖ్యలు గల ఆర్.ఎఫ్.సి. పత్రములు నేటికిని ఆ విధానమునకు పునాదిగా నున్నవి.

ఆయన ఆ పట్టికను భాగములు చేసి, ఎవరి భాగమును వారి కప్పగించు మార్గము చూపెను. పూర్వము మన జిల్లాలలో కలెక్టరునకు ప్రతి గడప పేరు తెలియనక్కర లేకుండెను. ఏ తాలూకా నడుగవలెనో ఆయన చెప్పును. తాలూకా గ్రామమును చూపును. గ్రామములో కరణము ఇల్లు చూపును. ఇచ్చటను అంతియే. అన్నిటికి పైన మూల సర్వర్లున్నవి. వానికి 13 పేర్లు. ఒక్కొక్క పేరు వెనుక లోకమంతట చెదరియున్న యంత్రము లనేకములు. అవి 'కామ్'నకో 'ఇన్'నకో దారి చూపును. అవి తమ క్రిందివారిని చూపును. తుదకు ఆ పేరుపై అధికారము గల సర్వరు చిరునామాను చెప్పును.

మాకు కావలసినది గ్రామకరణము వంటి చిన్న సర్వరు. సిద్ధముగా దొరకునవి లేకపోలేదు. బైండ్, డిఎన్ఎస్‌మాస్క్ వంటివి ఉచితముగనే లభించును; పెద్ద కార్యాలయములకు బైండ్ వంటిది తగినది. ఐనను, లోపల ఏమి జరుగుచున్నదో తెలియక ఒకమారు నవ్వులపాలైనవారము గనుక, ఈసారి తెలిసికొనియే నమ్మవలెనని మా పట్టుదల.

మొదటి పని తలుపు తెరచుట. డి.ఎన్.ఎస్. ప్రశ్న సాధారణముగా యు.డి.పి. అను పద్ధతిలో వచ్చును. ఇది పోస్టుకార్డు వంటిది. వ్రాసి వేయుటయే గాని, టెలిఫోనువలె ముందుగా ఇరువురు పలుకరించుకొనుట లేదు. సర్వరు 53వ సంఖ్య గల ద్వారమున వేచియుండవలెను. 1024 కంటె తక్కువ సంఖ్య గల ద్వారములను తెరచుటకు లినక్స్ వంటి వ్యవస్థలలో ప్రత్యేకాధికారము కావలెను గనుక, అభ్యాసకాలమున 5300వ ద్వారమును వాడితిమి. పైథాన్‌లోని సాకెట్ అను భాగము ఈ పనిని మూడు నాలుగు పంక్తులలో ముగించును.

రెండవ పని కార్డును చదువుట. మొదటి 12 బైట్లు శీర్షిక. అందు రెండేసి బైట్ల చొప్పున ఆరు సంఖ్యలుండును. మొదటిది ప్రశ్న గుర్తు. జవాబులో దానిని యథాతథముగా తిరిగి వ్రాయవలెను. లేనిచో అడిగినవాడు అది తనకు వచ్చిన జవాబని యెరుగడు. రెండవది జెండాల సముదాయము. ఇది ప్రశ్నయా జవాబా, పొరపాటేమైన జరిగినదా యని తెలుపును. తక్కిన నాలుగును ఏ భాగమున ఎన్ని పద్దులున్నవో చెప్పు లెక్కలు. స్ట్రక్ట్ అను భాగము ఈ ఆరింటిని ఒక్క పంక్తిలో విడదీసి యిచ్చును.

మూడవ పని పేరును గ్రహించుట. పేరులో చుక్కలు ప్రయాణము చేయవు. ప్రతి ముక్కకు ముందు దాని పొడవు వచ్చును. మా ధ్వనిభాండారమునకు 'ధ్వని.ఇంటర్నల్' అని పేరిడితిమి. లోపలి జాలముల వాడుకకై 'ఇంటర్నల్' అను పేరును ఐకాన్ సంస్థ 2024లో ప్రత్యేకించినది. ఆంగ్లాక్షరములలో మొదటి ముక్కకు ఆరక్షరములు, రెండవదానికి ఎనిమిది. కావున 6 అను సంఖ్య, ఆరక్షరములు, 8 అను సంఖ్య, ఎనిమిది అక్షరములు, ముగింపునకు సున్న: వెరసి 17 బైట్లు. ఒక ముక్క 63 బైట్లకును, పూర్తి పేరు 255 బైట్లకును మించరాదు. పేరు తరువాత ప్రశ్న రకమునకు రెండు బైట్లు, తరగతికి రెండు. శీర్షికతో కలిపి, అనుబంధము లేని మా ప్రశ్న 33 బైట్లు.

నాలుగవ పని పట్టిక చూచుట. పైథాన్‌లో నిఘంటువు అనునది యొకటి కలదు. పేరు చెప్పిన అర్థమిచ్చును. ఆంగ్లమున పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు ఈ విషయమున సమానములే గనుక, పేరునంతయు చిన్న అక్షరములలోనికి మార్చి వెదకవలెను.

ఐదవ పని జవాబు కట్టుట. ప్రశ్నను మరల వ్రాసి, దాని క్రింద పద్దు చేర్చవలెను. పేరును రెండవమారు వ్రాయనక్కర లేదు. 192, 12 అను రెండు బైట్లు వ్రాసిన చాలును. 'పండ్రెండవ బైటునొద్ద చూడుము' అని దాని భావము. పిదప రకము, తరగతి, కాలపరిమితి, పొడవు, తుదకు నాలుగు బైట్ల చిరునామా. పద్దు 16 బైట్లు. జవాబు మొత్తము 49. మా పట్టికలో లేని పేర్లను బయటి సర్వరునకు పంపి, అది చెప్పినదానిని అడిగినవారి కందించు ఏర్పాటును చేసితిమి.

సర్వరు నడచినది. మేము సంతసించితిమి. మరునాడు ఒక వింత కనబడినది. ఒక కంప్యూటరునకు ధ్వనిభాండారము దొరకుచున్నది. ప్రక్కదానికి దొరకినట్లే దొరకి, మరుక్షణమున 'అట్టి పేరే లేదు' అనుచున్నది. రెండు రాత్రులు వెదకితిమి. నేటి యంత్రములు ఒకే పేరునకు రెండు ప్రశ్నలు వేయును: నాలుగు బైట్ల చిరునామా కొరకు ఒకటవ రకము, పదునారు బైట్ల క్రొత్త చిరునామా కొరకు ఇరువది యెనిమిదవ రకము. రెండవది మాయొద్ద లేదు గనుక, మా సర్వరు జెండాలలో 3 అను సంఖ్య వేసి పంపినది. ఆ మూటికి అర్థము 'ఆ పేరు గలవారు అసలే లేరు' అని! మేము చెప్పవలసినది అది కాదు. 'పేరు కలదు, మీరడిగిన రకము మాత్రము లేదు' అని చెప్పవలెను. అనగా పొరపాటు స్థానమున సున్న, జవాబుల లెక్కయందు సున్న. వాకిట నిలిచినవాడు రామయ్యగారి టెలిఫోను నంబరడిగిన, నంబరు లేదనుటకు బదులు రామయ్యగారే లేరనిన యెట్లుండును? వచ్చినవాడు తిరిగిపోవును. ఒక్క పంక్తి సవరించినంతట ఆ తగవు తీరినది.

రెండవ పాఠము కాలపరిమితి నేర్పినది. ఒక జవాబును ఎన్ని సెకనులు జ్ఞాపకముంచుకొనవచ్చునో సర్వరు చెప్పవలెను. మేము ధారాళముగా 86,400, అనగా ఒక దినము, వ్రాసితిమి. చిరునామా మార్చిన వెంటనే పట్టికను సవరించితిమి. ఐనను యంత్రములు పాత జవాబునే పట్టుకొని కూర్చుండెను. మా కాగితమునే మరల, కంటికి కనబడని చోట, అంటించినట్లైనది. ఇపుడు ఆ పరిమితి 60 సెకనులు.

ఈ పనికి పూనుకొను యువకులకు ఒక హెచ్చరిక. ఇట్టి సర్వరును లోపలి జాలమునకే పరిమితము చేయవలెను. పోస్టుకార్డుపై పంపినవాని పేరు తప్పుగా వ్రాయవచ్చును గదా! దుర్మార్గులు పరుల చిరునామాతో ప్రశ్నలు పంపి, జవాబుల వెల్లువను ఆ అమాయకులపైకి మళ్లింతురు. ప్రశ్న గుర్తునకు 65,536 విలువలే గలవు గనుక దొంగ జవాబులును సాధ్యములే. అవి అనుకొన్న దానికంటె ఎంత సులభములో 2008లో డాన్ కమిన్‌స్కీ వెల్లడించెను. బయటికి ప్రశ్న పంపు ద్వారపు సంఖ్యను ఊహింపరాకుండ మార్చుచుండుట నాటినుండి ముఖ్యమైన కాపుదలయైనది.

తెలుగువారికి సంతోషము గూర్చు మాట యొకటి. తెలుగు లిపిలో '.భారత్' అను అగ్రనామము మూల సర్వర్లయందు కలదు. పేరు తెలుగులో వ్రాసినను, దారిలో అది 'ఎక్స్', 'ఎన్', రెండు అడ్డగీతలతో మొదలగు ఆంగ్లాక్షరముల వేషము వేసికొని ప్రయాణించును. మా వంటి చిన్న సర్వరు సైతము ఒక్క పంక్తి మార్పు లేకుండ దానిని మోయగలదు.

తుదకు పరీక్ష. ప్రసారము లేని ఒక వేళ మేమే స్విచ్చి ఆర్పి వేసి, ధ్వనిభాండారమునకు వేరొక చిరునామా నిచ్చితిమి. పట్టికలో ఒక్క పంక్తి మార్చితిమి. నిమిషము గడచిన పిదప ప్రకటనకర్త ఎప్పటివలె పేరుతోనే పిలిచెను. పాట వచ్చినది.

ఐనను నిజము దాచరాదు. ఆ యొక్క పంక్తిని మార్చుటకు మనుష్యుడు మెలకువతో నుండవలెను. సర్వరు తన చిరునామాను తానే పేరుతో చెప్పజాలదు. దానిని మాత్రము అంకెగా తెలిసికొని యుండవలెను. అందుచేత ఆ రెండు యంత్రములకును స్థిరమైన చిరునామాలు కేటాయించితిమి. బల్లపై కాగితమును తీసివేయలేదు. పూర్వము దానిపై పదునాలుగు వరుసలుండెడివి. ఇపుడు ఒక్కటే యున్నది. దాని క్రింద, కడపట సరిచూచిన తేదీని మా చేతితో వ్రాయుచున్నాము.