పాత కారు – చెమ్మ, తుప్పు



మా షాద్‌నగరు వీధులలో అంబాసిడర్ కార్లు నేడు అరుదు. వాని నిర్మాణము 2014లో నిలిచినది. నాయొద్ద ఒకటి కలదు. తొలకరి వానకు దాని అడుగుపట్టా తడిసినది.

తడి కనబడిన చోటనే సందుండునని తలంపరాదు. నీరు రేకు మడతల వెంట పాఱి దూరమున బొట్లు విడుచును. కావున పట్టాలు తీసి, అడుగు తుడిచి, ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చుండవలెను. వేఱొకరు క్రిందినుండి పైకి, ఒక్కొక్క చోట కొంతసేపు, సన్నని ధారగా నీరు పోయవలెను. పైనుండి మొదలిడినచో నీరు ఏ సందున దిగెనో తెలియదు. తలుపు రబ్బరునకు సుద్ద రాచి, మూసి తెఱచినచో, ఎదుటి రేకుపై గీత తెగిన చోటనే సందు. బడిపంతులకు సుద్ద క్రొత్త గాదు గదా! తలుపుల అడుగునగల చిన్న రంధ్రములు నీరు పోవుటకే యున్నవి. వానిని మూయక, మట్టి తీయవలెను.

ఇనుము, నీరు, ప్రాణవాయువు కూడిననే తుప్పు పుట్టును. కావున ముందు కారుట మాన్పవలెను. పిదప తుప్పును గోకి, మెఱయు లోహము కనబడువఱకు రుద్ది, రెడ్ ఆక్సైడు పూసి, రంగు వేయవలెను. పొడిచినచో మొన దిగు రేకును కోసి, క్రొత్త రేకు వెల్డింగు చేయింపవలెను.

ఒక పనివాడు, “లప్పం పూసెదను, ఎవరికిని కానరాదు” అనెను. నేను సమ్మతింపలేదు. ఈ కారునకు వేఱుగా చట్రము లేదు. అడుగు రేకులే భారమును మోయును. వెనుక సీటున నా మనుమరా లుండును. లప్పము క్రింద తుప్పు తన పని మానదు.

మృగశిర కార్తెకు ముందే మీ బండ్ల నిట్లు పరీక్షించుకొనుడు.