తక్కువ గంటల పైలట్‌కు ఏ బైప్లేన్?

(శ్రీ విజయపురంలో మన సంఘం ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి "మాస్టర్ చీఫ్ గారూ, ఈసారి ఏదైనా టెక్నికల్ విషయం చెప్పండి, కాని బోరు కొట్టించకండి" అన్నారు. రెండూ ఒకేసారి కుదరడం కష్టమే. ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే నిన్న సాయంత్రం అబర్డీన్ బజారులో మన శ్రీకాకుళం కుర్రాడొకడు కలిశాడు. డోర్నియర్ల మీద పని. జీతంలో మిగుల్చుకుని, సెలవుల్లో వెళ్ళి ప్రైవేట్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాడు. "సార్, నాకు 58 గంటలయ్యాయి. సొంతంగా బైప్లేన్ కట్టుకుందామనుకుంటున్నాను. ఏది మంచిది?" అని అడిగాడు. బజారులో నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకే ఇక్కడ చెబుతున్నాను. ఇందులో నేను పోగొట్టుకున్న లక్ష రూపాయల సంగతి కూడా వస్తుంది. మా ఆవిడ ముందు వరసలోనే కూర్చుంది కాబట్టి అబద్ధం చెప్పే వీలు లేదు.

బైప్లేన్ అంటే పై రెక్క, కింది రెక్క, మధ్యలో స్తంభాలు, బిగువు తీగలు. మన వైమానిక దళం పుట్టిందే దానితో. 1933 ఏప్రిల్ 1న కరాచీలో మొదలైన నంబర్ 1 స్క్వాడ్రన్‌కు ఇచ్చిన నాలుగు వాపిటీలూ బైప్లేన్లే. ఆ తరువాత ఎందరో పైలట్లు ఓనమాలు దిద్దుకున్న టైగర్ మాత్ కూడా బైప్లేనే. 2012లో హిండన్‌లో ఎయిర్ ఫోర్స్ డే నాడు బాగుచేసిన పాత టైగర్ మాత్ ఒకటి మళ్ళీ ఎగిరితే టీవీలో చూసి నేను లేచి నిలబడ్డాను. ఆ మోజు అలాంటిది. మోజు తప్పని నేననను. మోజుతో ఎంపిక చేయడం తప్పంటాను.

నా సంగతి చెబుతాను. 1991లో ఐఎన్ఎస్ ఉత్క్రోశ్‌కు వచ్చాను, ఐలాండర్ల మీద పని. సముద్రం మీద కిందుగా ఎగిరి వచ్చిన విమానాన్ని మంచినీళ్ళతో కడగడం, తీగల చివర తుప్పు వెతకడం, ఫారం మీద సంతకం పెట్టడం. నా సంతకం లేనిదే విమానం కదలదు. అలా పాతికేళ్ళకు పైగా నౌకాదళంలో చేసి 2010లో రిటైరయ్యాను. 2014లో, ఈ వయసులో ఎందుకని అందరూ అంటున్నా, ఒక ఫ్లయింగ్ క్లబ్బులో చేరి సెస్నా 152 మీద లైసెన్సు తీసుకున్నాను.

2016లో మా అమ్మాయి దగ్గరకు చికాగో వెళ్ళాం. జూలై నెలాఖరున అల్లుడు ఆష్కాష్ తీసుకెళ్ళాడు. సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ళ పెద్ద జాతర అది. పాల్ పోబెరెజ్నీ అనే ఆయన 1953లో స్థాపించిన ఈఏఏ సంస్థ ఏటా జరుపుతుంది. అక్కడ పిట్స్ స్పెషల్ చూశాను. కర్టిస్ పిట్స్ 1940లలో గీసిన డిజైన్. రెక్కల వెడల్పు సుమారు 17 అడుగులు, అంతే. బెట్టీ స్కెల్టన్ అనే ఆవిడ 1949, 1950లలో పిట్స్ మీదే మహిళల ఏరోబాటిక్ చాంపియన్‌షిప్ గెలిచింది. ఆ బుల్లి విమానం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో తలకిందులుగా వేలాడుతోంది.

ఇక నాకు నిద్ర పట్టలేదు. సగం కట్టిన సింగిల్ సీటు పిట్స్ ఒకటి అమ్మకానికుందని తెలిసి వెళ్ళి చూశాను. వెల్డింగు చూశాను, తీగలు లాగి చూశాను. అన్నీ నాకు తెలిసిన పనులే. 1,500 డాలర్లు అడ్వాన్సు ఇచ్చేశాను. అప్పటికి నా లాగ్‌బుక్కులో 71 గంటలు, అన్నీ ముందు చక్రం ఉన్న సెస్నా మీదే. అయినా నాకు అనుమానమే రాలేదు. విమానం గురించి నాకు తెలియనిదేముంది అన్న ధీమా.

అల్లుడే నయం. "మామయ్యగారూ, కొనే ముందు తోకచక్రం విమానం ఒకసారి ఎక్కి చూడండి" అన్నాడు. ఒక పచ్చిక రన్‌వే మీద, సిటాబ్రియాలో, పక్కా బోధకుడితో ఎక్కాను. మొదటి రెండు ల్యాండింగులు ఆయనే సర్దేశాడు. మూడోది నాకు వదిలాడు. చక్రాలు ఆనాయి, బాగుందనుకున్నాను. ముక్కు ఎడమకు ఒక వేలు వెడల్పు జరిగింది. నేను చూశాను. చూసి, ఆలోచించి, కాలు కదిపేలోపు రన్‌వే పక్క కంచె మా ఎదురుగా ఉంది. ఆయన కాళ్ళే మమ్మల్ని కాపాడాయి. కిందికి దిగాక ఆయన కోప్పడలేదు. "విమానం గురించి నీ తలకు చాలా తెలుసు. నీ కాళ్ళకు ఇంకా ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఆ రాత్రి అమ్మకందారుకు ఫోను చేసి వద్దన్నాను. అడ్వాన్సు తిరిగి రాలేదు. షరతు చదవకుండా ఇచ్చినవాణ్ణి నేనే.

ఇంతకీ అక్కడ జరిగిందేమిటి? ముందు చక్రం విమానంలో బరువు ప్రధాన చక్రాలకు ముందుంటుంది. కాస్త వంకర పోయినా తనంతట తానే సర్దుకుంటుంది. తోకచక్రం విమానంలో బరువు ప్రధాన చక్రాల వెనక ఉంటుంది. వంకర మొదలైతే పెరుగుతూనే పోతుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. దీనికి తోడు దిగేటప్పుడు బైప్లేన్ ముక్కు రన్‌వేని కప్పేస్తుంది. ఇంజను తగ్గిస్తే ఆ రెక్కలూ తీగలూ గాలికి అడ్డుపడి రాయిలా దిగుతుంది. సెస్నాలో అలవాటైన జానెడు అంచనాలు ఇక్కడ పనికిరావు.

అందుకని తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు వరసగా విను.

మొదటిది, రెండు సీట్లది ఎంచుకో. సింగిల్ సీటు విమానంలో మొదటి పాఠమే ఆఖరి పరీక్ష. పక్కన చెప్పేవాడికి చోటే ఉండదు. స్మిత్ మినీప్లేన్ 1956 నాటి చక్కని చిన్న విమానం. కాని అదీ ఒంటి సీటే.

రెండోది, దేనికోసం గీశారో చూడు. స్టీన్ స్కైబోల్ట్ రెండు సీట్లదే. డెన్వర్‌లో లమార్ స్టీన్ అనే ఉపాధ్యాయుడు హైస్కూలు పిల్లల ప్రాజెక్టుగా మొదలుపెట్టాడు, 1970లో ఎగిరింది. గట్టిది, కాని పల్టీలు కొట్టడానికి గీసింది. విస్కాన్సిన్‌లో జాన్ హాట్జ్ గీసిన హాట్జ్ సీబీ-1 వేరు. 1968లో ఎగిరింది. రెక్కలు 25 అడుగుల పైచిలుకు, ఇంజను చిన్నది, వేగం తక్కువ. సాయంత్రం పూట నెమ్మదిగా తిరిగి రావడానికే చేసింది. నెమ్మదిగా దిగేదానిలో తప్పు దిద్దుకోవడానికి ఒక క్షణం ఎక్కువ దొరుకుతుంది. కొత్తవాడు కొనవలసింది ఆ క్షణాన్ని.

మూడోది, ఎక్కడ ఎగురుతావో ముందు తేల్చుకో. మన దీవుల్లో రన్‌వేలు ఇక్కడ, కార్ నికోబార్‌లో, శిబ్‌పూర్‌లో, క్యాంప్‌బెల్ బేలో. నాలుగూ దళాల చేతిలోనివే. ఇక్కడి నుంచి కార్ నికోబార్ సుమారు 270 కిలోమీటర్లు. గంటకు 130, 140 పోయే ఒంటి ఇంజను విమానంలో రెండు గంటలు, కింద అంతా నీళ్ళు. ఎదురుగాలి వస్తే పెట్రోలు లెక్క తప్పుతుంది. పైగా ఈ ఉప్పుగాలి, ఈ తేమ, ఈ చెదలు కర్ర రెక్కను ఎన్నాళ్ళు బతకనిస్తాయో ఉత్క్రోశ్ హ్యాంగరులో పనిచేసినవాళ్ళకు చెప్పక్కరలేదు. ఇక్కడ కల కను, మెయిన్‌లాండ్‌లో కట్టు.

నాలుగోది, ఇతరులు కట్టినది, సగం కట్టినది చౌకగా వస్తే జాగ్రత్త. అమెరికా ప్రమాద విచారణ సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2011లో జరిగిన 224 హోమ్‌బిల్ట్ ప్రమాదాలను పరిశీలించింది. సగానికి పైగా సొంతంగా కట్టుకున్నవి కావు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. 14 ప్రమాదాలు కొత్త యజమాని మొదటిసారి ఎక్కిన రోజునే జరిగాయి. కాబట్టి కట్టినవాడి పని డైరీ, ఫోటోలు అడుగు. గుడ్డ కప్పేసిన రెక్కలో జిగురు ఎలా ఉందో దేవుడికే తెలుసు.

అయిదోది, అన్నిటికంటె ముఖ్యం. ఇలాంటి విమానం కట్టడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో డబ్బంతా కర్రకూ ఇనుముకూ పోయి, మనిషి ఎగరడం మానేస్తాడు. చివరికి కొత్త విమానం ముందు తుప్పు పట్టిన పైలట్ నిలబడతాడు. కాగితాల పనీ తక్కువ కాదు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ గారు మేడ మీద విమానం కట్టారు. వృత్తిరీత్యా ఎయిర్‌లైన్ పైలట్. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో దాన్ని పెట్టారు, 2017లో రిజిస్ట్రేషను, 2019లో ఎగరడానికి అనుమతి. ఆయనకే అంత పట్టింది. కాబట్టి మొదటి చెక్క కోయకముందే డీజీసీఏకు రాయాలి, నెల తప్పకుండా ఎగురుతూ ఉండాలి.

విశాఖలో మా ఇంటి వెనక షెడ్డులో ఇప్పుడు హాట్జ్ రెక్క రిబ్బులు కొన్ని ఆరుతున్నాయి. అనుమతి కాగితాలు నడుస్తున్నాయి. అది ఎగురుతుందో లేదో, ఎగిరే నాటికి నా మెడికల్ నిలుస్తుందో లేదో చెప్పలేను. నెలకోసారి మాత్రం సెస్నా ఎక్కుతున్నాను. తోకచక్రం మీద బోధకుడు సరేననే దాకా ఆ బైప్లేన్‌లో ఒంటరిగా కూర్చోనని మా ఆవిడకు మాటిచ్చాను.

మా నాన్న సోంపేట దగ్గర బండి తోలేవాడు. నాకు పన్నెండేళ్ళప్పుడు మొదటిసారి పగ్గాలిచ్చాడు. కోడెలు కడతాడని ఆశపడ్డాను. ఆయన ముసలి ఎద్దులను కట్టాడు. నేను అలిగితే, "దానికి దారి తెలుసు, నీకు తెలీదు" అన్నాడు. కోడెలు తోలడానికి నాకు ఇంకో నాలుగేళ్ళు పట్టింది. అప్పటికి అలగవలసిన అవసరమూ లేకపోయింది.

మనం టెక్నీషియన్లం. విమానం సరిగా లేకపోతే సంతకం పెట్టం, ఎవరు తొందరపెట్టినా పెట్టం. ఆ నియమాన్నే పైలట్ సీటులో కూర్చున్న మన మీద కూడా పెట్టుకుందాం. ఆ రోజు ఆష్కాష్‌లో నేను విమానాన్ని బాగానే తనిఖీ చేశాను. నన్ను తనిఖీ చేసుకోలేదు.

తమ్ముడూ, ఈసారి సెలవుకి వచ్చినప్పుడు విశాఖలో దిగి మా షెడ్డుకు రా. రిబ్బులు అతికించడానికి ఇంకో జత చేతులు కావాలి. భోజనం మా ఆవిడ పెడుతుంది. లాగ్‌బుక్కు కూడా తెచ్చుకో, కూర్చుని చూద్దాం.

 జై హింద్.