దీపాలదిన్నెకు రెండోసారి

ప్రత్తిపాడులో పొద్దున్నే బస్సెక్కి, గుంటూరులో ఇంకోటి మారితే మధ్యాహ్నం భోజనాల వేళకు అమరావతిలో ఉండొచ్చు. 1797లో సర్వేయర్ కాలిన్ మెకంజీకి ఆ సుఖం లేదు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త ఊరి కోసం అక్కడి దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వుతుంటే, ఇటుకలతో పాటు చెక్కిన సున్నపురాతి బొమ్మలు బయటపడుతున్నాయని విని వచ్చాడు. అది బౌద్ధ మహాస్తూపమని అప్పటికెవరికీ తెలియదు.

1816లో మళ్లీ వచ్చాడు. అప్పటికి భారత సర్వేయర్ జనరల్, అరవై దాటిన మనిషి.

చూస్తే ఏముంది, దిన్నె నడుమ కోనేరు! చెక్కిన రాతిపలకలు కొన్ని మెట్లయ్యాయి, కొన్ని గోడల్లో కలిసిపోయాయి. మెకంజీ నిట్టూర్చి ఊరుకునే రకం కాదు. చిత్రకారులను కూర్చోబెట్టి, మిగిలినవాటిని కొలిపించి గీయించాడు. ఆ తర్వాత పోయిన రాళ్లు కొన్ని ఇప్పుడా కాగితాల మీదే మిగిలాయి.

నేడు అమరావతిలో కనిపించేది గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు. శిల్పాల్లో చాలాభాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఒక పలక మీద ఆ స్తూపమే చిన్నదిగా చెక్కి ఉంది: వాకిట్లో సింహాలు, చుట్టూ ప్రాకారం, పైన గొడుగులు.