కలకత్తా చదరంగశాలలో మహేశచంద్రుని ఆటలు



చదరంగము మన గ్రామపు అరుగులకు క్రొత్తది కాదు. శ్రీకృష్ణదేవరాయల కాలమున బొడ్డుచర్ల తిమ్మన యనునాతడు ఈ యాటలో మేటియై యుండెననియు, నూర్గురు ఒక్కటై యెదిరించినను గెలువగలవాడనియు చాటుపద్య సంప్రదాయము చెప్పుచున్నది. పొగడ్త దక్కినది గాని తిమ్మన వేసిన ఎత్తు ఒక్కటియు మనకు దక్కలేదు. కవులకు గెలుపు కావలెను, ఎత్తులెవరికి కావలెను? నేటి ప్రసంగమునకు విషయమైన మహేశచంద్ర బెనర్జీ గతి దీనికి తలక్రిందులు. ఆయనను పొగడిన పద్యము లేదు. ఆయన ఎత్తులు మాత్రము కాగితముమీద నిలిచినవి.

పందొమ్మిదవ శతాబ్ది నడుమ కలకత్తాలో దొరలు కూడి ఆడుకొను చదరంగశాల యొకటి యుండెను. అందు ప్రముఖుడు జాన్ కాక్రేన్. స్కాట్లండు వంశీయుడు, వృత్తిచేత న్యాయవాది. 1822లోనే చదరంగముపై గ్రంథము ప్రకటించిన దిట్ట. ఆ చదరంగశాల సభ్యుడొకరు 1850లో లండనులోని చదరంగ పత్రికకు ఒక లేఖ వ్రాసెను. కాక్రేనుతో నిలిచి ఆడగలవాడు ఆ పట్టణమున ఒక్కడే కలడనియు, అతడు పల్లెటూరి బ్రాహ్మణుడైన మహేశచంద్రుడనియు అందు తెలిపెను. పల్లెసీమలో ఓటమి యెరుగని యొక బ్రాహ్మణుడున్నాడని విని దొరయొకడు అతనితో ఆడి చూచెనట. బలమైన ఆటగాడే, కాని కోటకట్టుట యను ఐరోపా పద్ధతి యతడెరుగడు. పిమ్మట కాక్రేన్ అతనిని కలకత్తాకు రప్పించి, చదరంగశాలలో జీతముపై నియమింపజేసెను. ఆటయే ఉద్యోగమైన బ్రాహ్మణుడు ఆ కాలమున ఎందరుందురు?

ఆ దొరలు ఆయన పేరును మొహెషుందర్ అనియు, మొహిషుందర్ అనియు తోచినట్లు వ్రాసికొనిరి. దస్తావేజులో పేరు తప్పిన భూమి చేయిదాటుట అందరు నెరిగినదే. ఈయన విషయమున అంతటి నష్టము జరుగలేదు గాని, మహేశచంద్రుడను అసలు పేరు చాలకాలము మరుగుపడియుండెను.

దేశీయపు ఆటకును ఐరోపా ఆటకును గల భేదము నెరిగినగాని ఈ కథ తెలియదు. మన ఆటలో బంటు మొదటి ఎత్తుననైనను ఒక్క గడియే నడచును. ఐరోపా ఆటలో మొదట రెండు గడులు దుముకవచ్చును. మనకు కోటకట్టుట లేదు. రాజు ఒక్కపరి గుఱ్ఱమువలె దాటును. ఈ పద్ధతిలో పెరిగినవానికి తొందర యుండదు. బంట్లను ఒక్కొక్క గడి జరిపి, వెనుక బలగమును సమకూర్చుకొని, శత్రువు ముందునకు వచ్చినపుడు ఢీకొనును. మహేశచంద్రుడు క్రొత్త నియమములను నేర్చెను గాని పాత నడక విడువలేదు. గుఱ్ఱము ముందరి బంటును ఒక గడి జరిపి, ఆ ఖాళీలో శకటును మూలవాటుగా నిలుపుట ఆయనకు ప్రియమైన పద్ధతి. నడుమనున్న గడులను మొదటనే ఆక్రమింపవలయునని నమ్మిన నాటి ఐరోపావారికి ఇది వింతగా తోచియుండును.

1855లో ఆడిన యొక ఆటను చూడుడు. కాక్రేనువి తెల్లకాయలు. ఆయన నాలుగు బంట్లను నడుమ వరుసగా నిలిపి గోడకట్టెను. మహేశచంద్రుడు మూల శకటును, గుఱ్ఱమును నిలిపి, కోటకట్టి, ఏడవ ఎత్తున ఆ గోడమీదికి బంటును తోసెను. తొమ్మిదవ ఎత్తున తన గుఱ్ఱముతో నడిమి బంటును చంపెను. ఆ గుఱ్ఱమును దొర గుఱ్ఱము చంపినది. చూచువారికి ఇది పొరపాటు. కాని వెంటనే బ్రాహ్మణుని బంట్లు రెండు ఒకదాని వెంట నొకటి కదలి, ఒక గుఱ్ఱమును తరిమి, రెండవ గుఱ్ఱమును శకటును ఒక్కసారి పట్టినవి. కాక్రేన్ బెదరలేదు. తరుమబడిన గుఱ్ఱమును ముందునకు దుమికించి మంత్రిని, ఏనుగును, శకటును మూటిని ఒక్క దెబ్బలో పట్టెను.

మన ఆటగాండ్రైనచో ఇక్కడ మంత్రిని తీసికొని పరుగెత్తుదురు. మహేశచంద్రుడు మంత్రివంక చూడనైన చూడక, బంటుతో రెండవ గుఱ్ఱమును చంపెను. దొర మంత్రిని చంపెను. బంటు మరియొక బంటును చంపి ఒక గడి సాగినది. అది తొలగుటతో వెనుకనున్న శకటునకు దారి తెరపియై, దొర మంత్రియు పోయినది. పొగ విడిన పిదప లెక్క చూడగా బ్రాహ్మణునికి ఏనుగు పోయి గుఱ్ఱము వచ్చినది, ఒక బంటు మిగులు. జమాఖర్చులో స్వల్పముగా నష్టమే. కాని ఆయన శకటులు రెండును పలకనంతయు కొలుచుచుండెను. దొర రాజునకు నిలువ నీడ లేదు. ఆట చాలసేపు సాగి మహేశచంద్రుని వశమయ్యెను.

అదే యేట జరిగిన మరియొక ఆటలో ఆయన ఓడెను. ఓటమియైనను దీనికే ఎక్కువ కీర్తి. కాక్రేన్ మంత్రి ముందరి బంటుతో ఆరంభించెను. మహేశచంద్రుడు యథాప్రకారము శకటునకు మూలను సిద్ధపరచి, మూడవ ఎత్తున మంత్రి ముందరి బంటును రెండు గడులు నడపి నడిమిని ఢీకొనెను. నడిమిని శత్రువునకే వదలి, మూల శకటుతో దానిని దూరమునుండి పీడించుటయే ఇందలి భావము. పండ్రెండు ఎత్తులవరకు ఎవరికిని లోటు లేదు. పిమ్మట మహేశచంద్రుని మంత్రి బయటికి వచ్చినది. దొర ఏనుగు దానిని తరిమి తరిమి ఇంటికి పంపినది. అంతట కాక్రేన్ తన శకటును కాపులేక విడిచి గుఱ్ఱమును ముందునకు నెట్టెను. చేతికందిన శకటును మహేశచంద్రుడు విడువలేకపోయెను. ఇక్కడనే ఆట చెడినది.

పదునెనిమిదవ ఎత్తున దొర గుఱ్ఱము రాజు దాపుననున్న బంటును చంపెను. మహేశచంద్రుడు మంత్రిమీదికి గుఱ్ఱమును పంపి ఎదురు దెబ్బ తీసెను. కాని కాక్రేనునకు మూడెత్తులలో ఆటకట్టు కనబడియుండెను. గుఱ్ఱము ప్రక్కకు దుముకగా గుఱ్ఱమును మంత్రియు కలిసి రాజును పట్టుకొనును. రాజు మూలకు జరుగవలెను. ప్రక్కకు పోయిన మంత్రి మరుక్షణమే కట్టును. అప్పుడు తెల్ల మంత్రి తనంత తాను రాజు ప్రక్క గడిలో పోయి నిలుచును. గుఱ్ఱము కాపుండుటచే రాజు దానిని చంపరాదు. తన ఏనుగే చంపవలెను. ఏనుగు అక్కడికి రాగానే రాజునకు కదల గడి లేదు. ఒక ప్రక్క ఏనుగు, ముందు బంటు, మూలవాటుగా ఆయనకు ప్రియమైన ఆ శకటు. గుఱ్ఱము వెనుకకు దుమికి కట్టించును. సొంత బలగమే రాజును బంధించిన ఇట్టి ఆటకట్టును చూచి నవ్వు వచ్చును గాని, ఆడినవానికి రాదు.

మొత్తము మీద వారిరువురు ఆడిన ఆటలలో గెలుపులు ఎక్కువగా కాక్రేనువే. ఇది దాచవలసిన సంగతి కాదు. కాక్రేన్ కూడ ఈయనపై క్రొత్త క్రొత్త సాహసములు చేసెను. 1848లో నాలుగవ ఎత్తుననే గుఱ్ఱమును బలియిచ్చి మహేశచంద్రుని రాజును బయటికీడ్చెను. ఆ బలికి కాక్రేన్ పేరే నిలిచినది. 1999లో స్పెయినులోని లినారెస్ పోటీలో తొపలోవ్ క్రామ్నిక్ మీద దానిని మరల ప్రయోగింపగా ఆట సమముగా ముగిసినది.

మహేశచంద్రుడు ఓడిన ఆ ఆట ఆరంభమునకు మాత్రము ఆయన పేరు రాలేదు. 1922లో ఆస్ట్రియా దేశస్థుడు ఎర్నెస్టు గ్రున్‌ఫెల్డు అదే మూడవ ఎత్తును వియన్నాలో ప్రయోగింపగా అది గ్రున్‌ఫెల్డు రక్షణ యని ప్రసిద్ధి కెక్కెను. 1956లో పదుమూడేండ్ల బాబీ ఫిషర్ మంత్రిని బలియిచ్చి డొనాల్డు బర్నును ఓడించిన ప్రసిద్ధమైన ఆటయు ఈ బాటనే నడచినది. అయినను, మొదటి ఎత్తున గుఱ్ఱమును దింపి నడిమిని దూరమునుండి కాచుకొను రక్షణల కన్నిటికి కలిపి భారతీయ రక్షణ లనియే పేరు. ఆ పేరు 1884 నాటికే వాడుకలో నుండెను. కలకత్తా బ్రాహ్మణుడు కాక్రేనుపై ఆడిన ఆటలే దానికి మూలమని చెప్పబడినది. గుడివాడలో పుట్టి 2002లో పదునైదేండ్లకే గ్రాండుమాస్టరైన మన కోనేరు హంపి మంత్రి ముందరి బంటును నడపినపుడెల్ల ఎదుటివారు వెదకికొను రక్షణలు తరచుగా ఇవే.

కాక్రేన్ 1869లో ఉద్యోగము విరమించి స్వదేశమునకు పోయి 1878లో మరణించెను. ఆటలు పత్రికలకు చేరి అచ్చైనవి గనుకనే నేడు ఇంత చెప్పుటకు వీలైనది. మహేశచంద్రుడు గెలిచిన ఆటయు, ఓడిన ఆటయు రెండును, ఎత్తు తరువాత ఎత్తుగా, సభ ముగిసిన పిదప పఠనమందిరములోని చదరంగపు పలకమీద ఆడి చూపబడును. ఓడిన ఆటనే మొదట ఆడుదురు. పదునెనిమిదవ ఎత్తున గుఱ్ఱమును పంపుటకు మారుగా మరేదైన ఉపాయము తోచినవారు చెప్పవచ్చును.