పాఠం చెప్పడం ఎవరు నేర్పాలి?
(విద్యార్థుల, అధ్యాపకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించాలంటే డీఎడ్ చదవాలి. హైస్కూల్లో లెక్కలు చెప్పాలంటే బీఎడ్ ఉండాలి. 2010 తర్వాత ఎనిమిదో తరగతి దాకా చెప్పేవాళ్లకు టెట్ కూడా వచ్చింది. మరి యూనివర్సిటీలో ఎమ్మే క్లాసుకు పాఠం చెప్పాలంటే? బోధనలో ఒక్కరోజు శిక్షణ లేకున్నా కొలువు దొరుకుతుంది. దీని మీద మనం ఇన్నేండ్లుగా ఎందుకు మాట్లాడటం లేదు?

అధ్యాపకులను తప్పుపట్టడానికి మేం ఇక్కడికి రాలేదు. పత్రికల్లో పనిచేస్తున్నా, మేమూ క్యాంపస్ బెంచీల మీద కూర్చొని వచ్చినవాళ్లమే. గొప్పగా పాఠం చెప్పిన సార్లను ఎరుగుదుం. వాళ్లంతా ఎవరి తంటాలు వాళ్లు పడి నేర్చుకున్నారు. ఆ తంటాలు పడుతున్న ఏండ్లలో వాళ్ల ముందు కూర్చున్న బ్యాచులు ఏం కావాలన్నదే మా ప్రశ్న.

నెట్ పరీక్ష 1989లో మొదలైంది. 2018 నుంచి దాంట్లో 150 ప్రశ్నలు. మొదటి పేపర్‌లో పది యూనిట్లుంటే బోధనకు ఒక్కటి. అంటే ఐదు ప్రశ్నలు, అవీ టిక్కు పెట్టేవి. పీహెచ్‌డీ అంటారా, అది పరిశోధన పట్టా. ఒక విషయాన్ని ఏండ్ల తరబడి తవ్విన మనిషి దాన్ని అరవై మందికి అర్థం చేయించగలడని ఆ పట్టా హామీ ఇవ్వదు.

ఎంపికలు చూడండి. 2010 యూజీసీ నిబంధనలు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎంపికలో నూటికి 30 మార్కులు సబ్జెక్టు జ్ఞానానికి, బోధనా నైపుణ్యానికి పెట్టాయి. 2018 నిబంధనల్లో ఆ వాటా పోయింది. డిగ్రీలు, పత్రాలు, అనుభవం లెక్కగట్టి పిలవడం, ఇంటర్వ్యూతో ఎంపిక చేయడం. బోధనానుభవానికి ఏడాదికి రెండు మార్కులు. ఎన్నేండ్లు చెప్పారన్నదే లెక్క, ఎట్లా చెప్పారో అడిగే గడి లేదు.

శిక్షణ అసలే లేదా అంటే, ఉంది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. ఉస్మానియాలోనూ, సెంట్రల్ యూనివర్సిటీలోనూ నడిచాయి. 2015లో వాటికి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలని పేరు పెట్టారు. 2023లో మాలవీయ మిషన్ కేంద్రాలన్నారు. కొత్తగా చేరినవాళ్లకు నెలరోజుల ఇండక్షన్ కూడా పెట్టారు. మంచిదే. కానీ హాల్లో కూర్చొని నెలరోజులు ఉపన్యాసాలు వింటే, అది చివరికి పదోన్నతి ఫైల్లో ఒక కాగితమవుతుంది. గట్టు మీద కూర్చుంటే ఈత రాదు. మన క్లాసులో మన పాఠాన్ని తెలిసినవాళ్లు చూసి సరిదిద్దాలి.

దీనివల్ల నష్టం ఎవరికి? ఉన్నోళ్ల పిల్లలకు పాఠం అర్థం కాకుంటే కోచింగ్ ఉంది. ఊర్లో తెలుగు మీడియం చదివి, ఇంటిల్లిపాదిలో తొలిసారి క్యాంపస్‌కు వచ్చిన పిల్లకు ఆ క్లాసే దిక్కు. ఇంగ్లీషు నోట్సు గడగడా చదివి వెళ్లిపోతే ఆమె చేయి ఎత్తి అడగదు. తనకే తెలివి లేదనుకొని మూగగా కూర్చుంటుంది. ఉస్మానియాలో ఉర్దూ చదువు మొదలుకాకముందే, 1917లోనే అనువాద శాఖ పెట్టి పుస్తకాలు సిద్ధం చేయించారు. చదువు విద్యార్థికి ఎట్లా అందాలన్న సోయి వందేండ్ల కిందనే ఉంది.

మేం మూడు మెట్లు ప్రతిపాదిస్తున్నాం. మొదటిది పీహెచ్‌డీలో. స్కాలర్లకు బోధనలో శిక్షణ ఉండాలని, వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు ట్యుటోరియల్, ల్యాబ్ వంటి పని ఇవ్వవచ్చని 2022 నిబంధనలు చెప్పాయి. అది వెట్టిచాకిరీ కాకుండా, సీనియర్ పక్కనుండి నేర్పాలి. రెండోది ప్రొబేషన్‌లో. క్లాసులు చెప్తూనే చదివే ఏడాది సర్టిఫికెట్ కోర్సు పెట్టాలి. ప్రశ్నాపత్రం తయారీ, దిద్దడం, రెండు భాషల్లో వివరించడం అందులో నేర్పాలి, ఆ మేరకు పనిభారం తగ్గించాలి. మూడోది పదోన్నతిలో. పత్రాల లెక్కతో పాటు మంచి బోధనకు, కొత్తవాళ్లకు నేర్పినదానికి విలువ కట్టాలి. బ్రిటన్‌లో 1997 నాటి డియరింగ్ కమిటీ తర్వాత ఇట్లాంటి పద్ధతి పెరిగింది. అక్కడ బోధనకు నాలుగు అంచెల ఫెలోషిప్ గుర్తింపు ఉంది.

రెండు షరతులు మాత్రం మరవొద్దు. ఈ అర్హతను కొలువు గడపకు అడ్డంగా పెట్టొద్దు. పెడితే రేపే శిక్షణ దుకాణాలు తెరుచుకుంటాయి, ఫీజు కట్టలేని పేదింటి పరిశోధకుడు బయటే నిలబడతాడు. కొలువు ఇచ్చాక, యూనివర్సిటీ ఖర్చుతో నేర్పాలి. రెండోది, కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులనూ కలుపుకోవాలి. శిక్షణ గంటలకూ వాళ్లకు జీతం ఇవ్వాలి. శిక్షణ పేరు చెప్పి నియామకాలు వాయిదా వేస్తే ఒప్పుకోవద్దు. ఖాళీ కుర్చీకి ఎవరూ పాఠం నేర్పలేరు.

విద్యార్థి సంఘాలు నోటిఫికేషన్లు అడుగుతాయి, అడగాలి. అధ్యాపక సంఘాలు వేతనాలు అడుగుతాయి, అది న్యాయం. ఈసారి ఇద్దరూ కూర్చొని డిమాండ్ల పత్రం రాసేటప్పుడు ఇంకొక్క వాక్యం చేర్చండి: పాఠం చెప్పేవాళ్లకు పాఠం చెప్పడం నేర్పే బాధ్యత యూనివర్సిటీదే.