ట్రైలరు దీపాలు, బ్రేకులు: బయలుదేరే ముందు పరీక్ష



సాయంత్రం పాల క్యాన్లతో ట్రాక్టరు కదిలే వేళకు చీకటి పడుతుంది. ట్రైలరు వెనుక దీపం లేకపోతే వెనుక వచ్చేవాడికి మనం కనబడము. పాలు పోతే రేపు పితుక్కోవచ్చు, ప్రాణం పోతే రాదు.

దీపం వెలగలేదని వెంటనే బల్బు మార్చకండి. ముందు ట్రాక్టరు సాకెట్టులో 12 వోల్టుల టెస్టు ల్యాంపు పెట్టి చూడండి. అక్కడ వెలిగితే ట్రాక్టరు వైరింగు బాగున్నట్టే; లోపం ప్లగ్గులోనో, ట్రైలరు వైరులోనో ఉంటుంది.

బ్రేకు తొక్కగానే మిగతా దీపాలు మసకబారితే ఎర్తును అనుమానించాలి. హుక్కు ద్వారా ఎర్తు అందుతుందని నమ్మరాదు. తుప్పు, గ్రీజు అడ్డుపడతాయి. 7 పిన్నుల సాకెట్టులో 3వ పిన్ను ఎర్తుకు. దాని వైరును, తుప్పు గీకిన ట్రైలరు ఛాసిస్‌కు బోల్టుతో బిగించండి.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే వైరు ఎక్కడో ఒరుసుకుని ఇనుముకు తగులుతున్నదన్నమాట. ఫ్యూజుకు బదులు లావు తీగ చుట్టకండి. వైరు కాలి మంటలు లేస్తాయి.

ట్రైలరుకు హైడ్రాలిక్ బ్రేకులుంటే, పెడలు మెత్తగా దిగినప్పుడు పైపులో గాలి చేరిందని గ్రహించి తీయించండి. గొట్టం కారుతుంటే బండి కదపరాదు.

రోజూ ఒకరు బ్రేకు తొక్కండి, ఒకరు వెనుక నిలబడి చూడండి. రెండు నిమిషాల పని.